అశ్వహృదయం

నలుడు ఋతుపర్ణునికి అశ్వహృదయవిద్యను ఉపదేశించిన కథను ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. గుర్రాన్ని దగ్గరగా చూసినది మాత్రం పదవీవిరమణ తరువాతనే, టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు.

మా మనుమరాలు స్టాక్ హార్స్ పోటీలో చేరింది. పశువులను కాచే గుర్రాల పోటీ అది. సాఫీ నడక, అడ్డంకులు దాటడం, చుట్లు తిరిగి చప్పున ఆగడం, ఆవును నిలువరించడం అందులోని పరీక్షలు. కొత్తవారికి వేరే తరగతి ఉంది, ముందురోజు శిక్షణ కూడా ఉంది. ఆమె ఎక్కినది క్వార్టర్ హార్స్. పావుమైలు పరుగులో దిట్ట కనుక దానికాపేరు.

శిక్షకుడు నేర్పిన సూత్రమొక్కటే. పగ్గం లాగినప్పుడు గుర్రం నేర్చుకోదు. మాట విన్న మరుక్షణం సడలిస్తే నేర్చుకుంటుంది. ఆలస్యమైతే పాఠం వ్యర్థం.

చెక్కవంతెన ముందు గుర్రం మొరాయించింది.

“మొండితనం కాదు తాతయ్యా, భయం,” అన్నది మనుమరాలు. అది ఒక్క అడుగు వేయగానే పగ్గం వదులు చేసింది.

నాకొక కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. పద్యం తడబడితే కొట్టాను. మరునాడు తప్పులేకుండా అప్పజెప్పాడు. అప్పుడూ నా చేతిలో బెత్తం అలాగే ఉంది, ‘భేష్’ అనలేదు. ఆ తరువాత వాడు బడికి రాలేదు.

అశ్వహృదయం పాఠం చెప్పానే గాని, నేను చదువుకోలేదు.