కాక్‌టెయిల్‌లో ఛీజు, కంకిపాడులో జున్ను!

2023లో ఫారిన్‌ బార్లలో ఓ వింత ఫ్యాషన్‌ లేచింది. కాఫీ కాక్‌టెయిల్‌ నురగ మీద పర్మిజాన్‌ ఛీజు తురిమి తాగడం! ఆ ఉప్పదనం చేదుని అణిచేస్తుందట. సరే, వాళ్లిష్టం!

గడ్డకట్టిన పాల రుచే కావాలంటే మ్యాటినీ చూసి, బెజవాడలో బందరు బస్సెక్కి కంకిపాడులో దిగండి. గేదె ఈనిన ఇల్లు తెలిసుండాలంతే. జున్నుపాలలో బెల్లం, మిరియాలపొడి, యాలకులు కలిపి ఆవిరిమీద పెడితే, నిమ్మచుక్క అక్కర్లేకుండానే గడ్డకడతాయి. తొలిపాలలో మాంసకృత్తులు అంత దండిగా ఉంటాయి మరి. కాకపోతే ముందు దూడ తాగాలి, మిగిలితేనే మనకి! నాలుగైదు రోజులైతే అవీ మామూలు పాలే.

మరి ఏడాది పొడుగునా బళ్లమీద అమ్మే జున్ను ఎక్కడిదంటారా? చాలావరకు చైనాగ్రాస్‌ వేసిన డూపు! నున్నగా వణుకుతుంది. అసలు హీరోకి ఒంటినిండా సన్నటి చిల్లులుంటాయి. అడిగి కొనండి గురూ!