పేరు తెలియని విమానము

శామీర్‌పేట చెరువుగట్టుమీద సాయంకాలమున నిలిచినవారికి నీటిమీది కొంగలతో పాటు ఆకాశమున మరియొక జాతి పక్షులును కనబడును. హకీంపేటలోని వాయుసేన శిక్షణకేంద్రము మాకు కొలది మైళ్ల దూరముననే యున్నది. మేడ్చలునకు ఆవల దుండిగల్లులో వాయుసేన అకాడమీ గలదు. మేడ్చల్ ద్రాక్షతోటలలో ఆడుకొనిన నా బాల్యము మొదలు నేటివరకు విమానము చప్పుడు వినగానే తల యెత్తి చూచుట నాకు వదలని యలవాటు. ఆ యలవాటు మా మనుమరాలికి నంటినది.

నాలుగైదేండ్లుగా మా యింట నొక వినోదము నడచుచున్నది. పాత విమానముల చిత్రములను సేకరించి, పేరు కప్పివేసి, ఇది యేదో చెప్పుమని యడుగుట. గెలిచినవారికి పల్లీపట్టీ. అందరెరిగిన డకోటాను చూపుట యవమానము. మరుగున పడినదానిని వెదకి తేవలెను. ఇంకొక నియమము గలదు. ఊరక పేరు చెప్పిన చాలదు, ఏ గుర్తును బట్టి చెప్పితిరో చెప్పవలెను. రెక్క పైనున్నదా, క్రిందనున్నదా? యంత్రము గుండ్రమా, పొడవా? చక్రములు ముడుచుకొనునా? తోక యెట్టిది? ఈ నియమమును పెట్టినవాడను నేనే. దానిని మొదట తప్పినవాడనును నేనే యగుటచేత ఈ కథ వ్రాయుచున్నాను.

ఇది పిల్లల యాటవలె తోచును గాని పుట్టుకచే నట్టిది కాదు. రెండవ ప్రపంచయుద్ధమున, పైనుండి వచ్చునది మిత్రుని విమానమో శత్రువుదో క్షణములో తెలిసికొనుట ప్రాణావసరమైనది. ఇంగ్లండులో నీడబొమ్మలతో సామాన్యజనులు సయితము ఈ విద్య నభ్యసించిరి. 1941 జనవరిలో ఇందుకే యొక ప్రత్యేక పత్రిక వెలువడసాగెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముమీద జపానువారి బాంబులు పడినప్పుడు, ఆకాశమును చదువనేర్చుట కేవల వినోదము కాదని మన తెలుగువారికిని తెలిసినది.

మా కూడలిగదిలో నొక పటము గలదు. చిన్న విమానము, దాని రెక్కపై చేయి వేసి నిలిచిన మా తండ్రిగారు, ఒక ప్రక్కగా ముఖము త్రిప్పుకొని పసిబిడ్డ నెత్తుకొనిన యొక స్త్రీ. మా నాయన గతించిన తరువాత నేనే దానికి చట్రము కట్టించి, క్రింద 1947 అని వ్రాయించితిని. స్వాతంత్ర్యము వచ్చిన యేట మా నాయన విమాన మెక్కెననియు, మా వంశమున ఆకాశమును ముట్టిన మొదటివా డాయనే యనియు వచ్చినవారి కెల్ల చెప్పుకొనుట మాకు పరిపాటి. ఆ స్త్రీ మా మేనత్త, ఆ బిడ్డ ఆమె తొలిచూలు అని మా నిశ్చయము.

గత వేసవిలో మనుమరాలు ఆటలో ఈ పటమునే ముందుంచినది. నేను నవ్వి, "ఇది పర్సివల్ ప్రెంటిస్. 1946లో మొదట నెగిరినది" అంటిని.

"కాదు తాతా. ప్రెంటిసులో గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారు. దీనిలో చోట్లు ఒకదాని వెనుక ఒకటి ఉన్నవి. ఇది హెచ్.టి.-2. బెంగుళూరులో ఘాటగేగారి ఆధ్వర్యవమున తయారై, 1951 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది. ఈ ప్రక్కనున్న వలయములు చూడు, నడుమ తెలుపు. మన వాయుసేనకు 1947 నుండి అశోకచక్రము గుర్తు. త్రివర్ణ వలయములు 1950లో వచ్చినవి. మరి ఇది 1947 ఎట్లవుతుంది?"

నాకు కోపము వచ్చినది. "మీ ముత్తాతగారి సంగతి నాకంటె నీ కెక్కువ తెలియునా? పెద్దల మాటకు ఎదురాడుట నేర్చితివా?" అని గద్దించితిని. బిడ్డ పటమును తిరిగి గోడకు తగిలించి లోపలికి పోయినది. నాలుగు దినములు మా యింట ఆట లేదు. పల్లీపట్టీ డబ్బాలోనే యున్నది.

అయిదవనాడు చెరువుగట్టుమీద నొంటరిగా కూర్చుండగా, ఆమెకు నేనే చెప్పిన యొక సంగతి జ్ఞప్తికి వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున నిజాము ఒక దళమున కంతకు విమానములిచ్చెను. అవి డి.హెచ్. 9ఏ రకమువి, ఆ 110వ దళమునకు హైదరాబాదు పేరే పెట్టిరి. వానిలో నొకటి 1918 అక్టోబరు 5న జర్మనుల చేతబడినది. బెర్లినులో ప్రదర్శనవస్తువై, రెండవ యుద్ధకాలమున పోలండునకు చేరి, 1977లో లండనులోని వాయుసేన ప్రదర్శనశాలకు వచ్చినది. ఎన్ని దేశములు తిరిగినను, ఎందరి చేతులు మారినను అది యేదో గుర్తించగలిగిరి. ఏలయన గుర్తులను చూచిరి గాని, ఉంచుకొన్నవారి గొప్పను చూడలేదు. పరాయివస్తువునకు నేను మెచ్చుకొనిన న్యాయము నా యింటి గోడమీది పటమునకు పనికిరాదా?

ఇంటికి పోయి భూతద్దముతో చూచితిని. చోట్లు ఒకదాని వెనుక నొకటి. వలయముల నడుమ తెలుపు. బిడ్డ చెప్పినదే నిజము. 1947 అను అంకె నా చేతివ్రాతయే. దానికి సాక్ష్యము నా కోరిక తప్ప మరేమియు లేదు.

మరునాడు పటము తీసికొని, మనుమరాలిని వెంటబెట్టుకొని, మేడ్చలులో నున్న మేనత్త యొద్దకు పోతిని. ఆమెకు తొంబది యేండ్లు దాటినవి. పటమును కన్నులదగ్గరకు చేర్చుకొని చాలసేపు చూచి ఇట్లనెను:

"నేనెక్కడిదాన్నిరా ఇండ్ల? గది మీ అమ్మ. సంకల ఉన్నది మీ అక్క. పుట్టెంట్రుకలు తీసినంక దిగిన ఫోటో."

నాకు నోట మాట రాలేదు. నాకంటె ముందు పుట్టి, 1955లో రెండేండ్ల ప్రాయమున మశూచికమునకు బలియైన యక్క యొకతె యుండెనని విని యుంటిని. ఆమె ముఖము నే నెరుగను. ఆమె పటమొక్కటియు లేదని మా యమ్మ చివరివరకు కన్నీరు పెట్టుకొనెడిది. ఆ పటము మా గోడమీదనే యుండెను. మా యమ్మ చూపు మందగించిన పిదప నేను చట్రము కట్టించితిని. అంకె వేసి, కథ యల్లి, అడుగవలసిన యవసరమే లేకుండ చేసితిని. తెలియదని యొక్కసారి యొప్పుకొని యుండినచో, పటమును ఆమె చేతికిచ్చి, ఇదెవరమ్మా యని అడిగియుందును. ఆ పాపమునకు ఇక ప్రాయశ్చిత్తము లేదు.

దారిలో మనుమరాలి చేయి పట్టుకొని, "తప్పు నాది, తల్లీ" అంటిని. ఆమె యేమియు ననక నా వ్రేలు గట్టిగా పట్టుకొన్నది.

మన యిండ్లలో పిల్లలకు, అందు ముఖ్యముగా ఆడుపిల్లలకు, చదువు చెప్పించుచున్నాము. ఆ చదువు మన మాటను ప్రశ్నించిన దినమున మాత్రము సహింపలేము. హకీంపేటలో తరిఫీదైన ముగ్గురు యువతులు 2016 జూన్ 18న దుండిగల్లులో దేశపు మొదటి మహిళా యుద్ధవైమానికులై వెలువడిరి. ఆనాడు మేమందరమును చప్పట్లు కొట్టితిమి. పరుల బిడ్డ ఆకాశమున నెగిరిన చప్పట్లు, మన బిడ్డ కూడలిగదిలో నిజము చెప్పిన గద్దింపు: ఇదియా మన సంస్కారము?

పటము క్రింది 1947ను చెరిపివేసితిని. ఆ స్థలమున మనుమరాలు తన చేతితో మా నాయన పేరు, మా యమ్మ పేరు, మా యక్క పేరు వ్రాసినది. విమానము పేరును వ్రాసి, ప్రక్కన సంవత్సరమునకు కొంచెము చోటు ఖాళీగా విడిచినది. అది తెలిసిననాడు నింపుదుమని ఆమె మాట.