మా గోడమీది ఉష్ణమాపకము

గత వేసవిలో మా యింట జరిగిన యొక సంగతిని ఈ సంచికయందు విన్నవింపదలచితిని. నేను ఈ పాఠశాలలోనే చదువుకొన్నవాడను. ఉష్ణమాపకమును, అనగా మనము వాడుకలో థర్మామీటరు అనుదానిని, మొట్టమొదట నా చేతికిచ్చినవారు ఇచ్చటి శాస్త్రోపాధ్యాయులే. కావున దానివలన నేను చేసిన తప్పును ఇచ్చటనే ఒప్పుకొనుట యుక్తమని తోచినది.

మా యిల్లు విజయనగరమున అయ్యకోనేటికి అనతిదూరములో నున్నది. పూర్వము పెంకుటిల్లు, పదునైదేండ్ల క్రిందట దానిని పడగొట్టి మేడ కట్టించితిమి. మేడమీది పడమటి గది మా తండ్రిగారిది. వారికి ఎనుబదియొక్క సంవత్సరములు. మెట్లు ఎక్కుట కష్టమని మేమెంత చెప్పినను, కోనేటి గాలి వచ్చునని వారే ఆ గదిని కోరుకొనిరి. ఉద్యోగకాలమంతయు లెక్కల గుమాస్తాగా నుండుటచే వారికి అంకె యన్న మిక్కిలి గౌరవము.

క్రింది చావడిలో, ఉత్తరపు గోడకు, చెక్కపలకపై బిగించిన థర్మామీటరు ఒకటి చిరకాలముగా వ్రేలాడుచుండెను. గాజుగొట్టములో ఎఱ్ఱరంగు కలిపిన స్పిరిటు. ప్రక్కను చెక్కమీద అచ్చువేసిన అంకెలు. దాని మాటయే మా యింట వేదవాక్యము.

మే నెలలో ఒక మధ్యాహ్నము తండ్రిగారు, "బాబూ, గది కొలిమివలె నున్నది. కూర్చుండలేకున్నాను" అనిరి. నేను చావడిలోనికి వెళ్లి చూచితిని. 32 డిగ్రీలు. "32 మాత్రమే, నాన్నగారూ! మీకు ఊరక అట్లు తోచుచున్నది" అని క్రిందినుండియే కేకవేసితిని. అంకె విని వారు మారు పలుకలేదు. మఱునాడును అంతే. మూడవనాడు వారు అడుగనేలేదు. నాల్గవనాటి సాయంకాలము మా అమ్మాయి మజ్జిగ పట్టుకొని పైకి వెళ్లి, మెట్లమీదనే ఏడ్చుచు దిగివచ్చెను. "తాతయ్య నన్ను గుర్తుపట్టుట లేదు" అనెను.

ఒడలు కాలిపోవుచుండెను, చెమట చుక్కయైనను లేదు. తడిగుడ్డలు కప్పి ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. వడదెబ్బ అనిరి. దైవానుగ్రహమున మూడు దినములలో వారు తేఱుకొనిరి. ఆనాటి రాత్రి వైద్యుడు నన్ను, "గదిలో వేడి ఎంత?" అని యడిగెను. "32" అంటిని. ఆయన కొంచెము సేపు నా ముఖమువంక చూచి, "ఆ గదిలో చూచితిరా?" అనెను.

నాకు నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట, ఒక ఉన్నత పాఠశాలలో శాస్త్రము బోధించు నా మిత్రునియొద్ద ప్రయోగశాలలోని పాదరసపు థర్మామీటరును ఎరువు తెచ్చితిని. మొదట రెండింటిని మంచుగడ్డతో పరీక్షించితిమి. ఇది ఎవరైనను ఇంటిలో చేయదగినదే, కాని చేయవలసినట్లు చేయవలెను. నేను మొదట గ్లాసులో నాలుగు పెద్ద మంచుగడ్డలు వేసి, నీళ్లు పోసి, గొట్టమును ముంచగా పాదరసపుదానికే 3 డిగ్రీలు వచ్చినవి. మిత్రుడు నవ్వి, ఆ గడ్డలను గుడ్డలో మూటగట్టి రోకటితో దంచించెను. మంచినీటితో గడ్డకట్టించిన మంచును సన్నగా నలుగగొట్టి, సందులు మాత్రము నిండునట్లు చన్నీళ్లు పోసి, గుండు నడుమనుండునట్లు నిలిపి, కలుపుచు కొన్ని నిమిషములు వేచియుండవలెను. అట్లు చేయగా పాదరసము సరిగా సున్నయొద్ద నిలిచినది. మా గోడదానిని చెక్కనుండి విప్పకముందే అంకె కెదురుగా గొట్టముపై గీటు పెట్టుకొని, తరువాత ముంచితిమి. అది సున్నకు రెండు డిగ్రీలు క్రిందికి పోయినది!

కారణము వెదకగా గొట్టము కొనయందు సన్నని ఎఱ్ఱచుక్క యొకటి అంటుకొనియున్నది. స్పిరిటు వేడికి కొంచెము కొంచెముగా ఆవిరియై పైకిపోయి, అచ్చట చల్లబడి నిలిచిపోవునట. పైన చిక్కుకొన్నంత మేర క్రింది కంబము పొట్టిదగును. అందుచే అంకె తక్కువ వచ్చును. గుండు క్రిందికుండునట్లు పట్టుకొని అఱచేతిపై మెల్లగా తట్టగా తట్టగా, ఆ చుక్క జాఱి కంబముతో కలిసినది. మరల మంచులో నుంచితిమి, సున్న. ఇట్టి గోడ థర్మామీటరులను మఱుగు నీటిలో ముంచరాదు. వాని అంకెలు సాధారణముగా 50తో ముగియును, గాజు పగులును. పై అంకెలను చూడగోరువారు గోరువెచ్చని నీళ్ల బకెటులో మంచిదానితో ప్రక్కప్రక్కను పెట్టి పోల్చుకొనవలెను.

మఱునాడు సాయంకాలము నాలుగు గంటలకు పాదరసపుదానితో ఇల్లంతయు తిరిగితిని. క్రింది చావడిలో 34. తండ్రిగారి గదిలో, మంచమునొద్ద, 39. లెక్క తేలినది: ఏడు డిగ్రీల తేడాలో రెండు థర్మామీటరు తప్పు, అయిదు నా తప్పు.

థర్మామీటరు గదివేడిని చెప్పునని మనమనుకొందుము. నిజమునకు అది తన వేడిని మాత్రమే చెప్పును. ఎండ తగిలిన ఎండను, గోడను ఆనిన గోడను, తడినేల దాపున నున్న తడినేలను కలుపుకొని చెప్పును. మా చావడి వెనుక తలుపు నూతిగట్టువైపు తెఱచియుండును. అచ్చట నిత్యము తడియే. గాలి నిజమైన వేడిమిని చెప్పించుటకే వాతావరణ పరిశోధకులు దానిని తెల్లరంగు చెక్కపెట్టెలో, చుట్టును ఏటవాలు పలకల సందులనుండి గాలి ఆడునట్లు, నేలకు నాలుగడుగుల యెత్తున నుంతురు. శ్రీకాకుళపు సముద్రతీరమున కళింగపట్నములో భారత వాతావరణ శాఖవారి కేంద్రమున్నది. అట్టి పెట్టెను కల్పించిన తామస్ స్టీవెన్‌సన్ సముద్రతీర దీపస్తంభములు కట్టించిన ఇంజనీరు. నవలలు వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్‌కు తండ్రి. కళింగపట్నమున దీపస్తంభము కూడ నుండుట నాకు ముచ్చటగా తోచును.

మన ప్రాంతపువారు ఈ విద్యకు క్రొత్తవారు కారు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత వ్యయముతో నక్షత్రశాల నెలకొల్పిరి. తరువాత దానిని నడపిన వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను గమనించిరి. భారత వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. కోట్ల మైళ్ల దూరమందలి శుక్రుని మన పెద్దలు అంత శ్రద్ధతో చూచిరి. పండ్రెండు మెట్లు ఎక్కి తండ్రి గదిని చూచుటకు నాకు తీరిక లేకపోయెను.

మంచి థర్మామీటరు చెప్పినదియు సగము మాటయే యని తరువాత తెలిసినది. రాత్రి తొమ్మిదింటికి గదిలో గాలి 35కు దిగినను, తండ్రిగారు "నెత్తిమీద పొయ్యి యున్నది" అనిరి. ఈసారి నేను కాదనలేదు. బల్లయెక్కి శ్లాబు అడుగున చేయి పెట్టితిని; పగలంతయు త్రాగిన యెండను అది క్రిందికి క్రక్కుచుండెను. గాలిని కొలుచు పరికరము ఈ సెగను చాలవరకు పట్టదు. దీనికై 1930 ప్రాంతమున వెర్నన్ అను నాతడు నల్లరంగు పూసిన బోలు రాగిగోళము నడుమ థర్మామీటరు నిలిపి కొలిచెను. మేము నల్లరంగు పూసిన డబ్బాతో అనుకరింపగా 2 డిగ్రీలు ఎక్కువ చూపినది. పెంకుటింటిలో ఈ బాధ ఇంతగా ఉండెడిది కాదని మా అమ్మ ఇప్పటికిని దెప్పుచుండును. ఇక సముద్రపుగాలి తెచ్చు చెమ్మ వేఱు. చెమట ఆఱనిచోట 34 సైతము భరింపరానిదగును.

తుదకు శ్లాబుపై తెల్లసున్నము వేయించి, ఏ.సీ. యంత్రము పెట్టించితిమి. 2020 నుండి మన దేశమున అట్టి యంత్రములు మొదట 24 డిగ్రీలకు అమర్చియే రావలెనని నియమము. దానినట్లే యుంచితిని. అర్ధరాత్రి తండ్రిగారు దుప్పటి రెండు మడతలు కప్పుకొని, "చలిరా" అనిరి. గోడపై 24 అని వెలుగుచుండెను. "24 గదా" అను మాట నాలుక చివరకు వచ్చినది. మ్రింగి, పాదరసపుదానిని మంచముమీద పెట్టితిని. 21. యంత్రము వేడిని గ్రహించు మొన దాని లోపలనే, కప్పు దాపున, అది పీల్చుకొను గాలిలో నుండును. వెచ్చని గాలి పైకి చేరును, చల్లనిది మంచముమీదికి దిగును. అంతేకాక, యంత్రము ఒక్క అంకెయొద్దనే ఆగి మొదలిడినచో క్షణక్షణము కొట్టుకొనును గనుక, కొంత చల్లబడినపిమ్మట ఆగి, కొంత వెచ్చబడినపిమ్మట సాగునట్లు చేయుదురు. దానిని 27కు మార్చితిని. వారు నిదురపోయిరి.

ఎరువు తెచ్చినదానిని తిరిగి యిచ్చివేసితిమి. గోడదానిని బాగుచేసి, తండ్రిగారి మంచమునకు నాలుగడుగుల దూరమున, కిటికీ యెండ తగులనిచోట, గోడకు ఆనకుండ తగిలించితిని. వారు పాత అలవాటుచొప్పున పుస్తకములో మూడు గడులు గీసిరి: వేళ, అది చెప్పినది, నాకు తోచినది. నిన్న చూడగా చివరి వరుసలో ఇట్లున్నది: "రాత్రి 9. 31. ఉక్క. అబ్బాయి వచ్చి చూచినాడు."