ఇన్ఫినిటీ రీడింగ్

వినాయక చవితికి మొదలయ్యే మా కాణిపాకం బ్రహ్మోత్సవాలు ఇరవై ఒక్క రోజులు సాగుతాయని మీకు తెలిసిందే కదా. అందులో ఒక రోజు ఉభయం మావాళ్ళది. ఈసారి దాని ముందు రాత్రి నేను వంటింట్లో చింతపండు పిసుకుతుంటే తిరుపతి నుంచి మా పాప ఫోన్ చేసింది. డిగ్రీ మూడో సంవత్సరం, కెమిస్ట్రీ.

"మా, పొద్దున్నే బస్సెక్కేస్తా. ల్యాబ్‌లో ఒక్క రీడింగ్ మిగిలింది. దాన్ని లెక్కలో సర్దేస్తా, అందరూ అట్లే చేస్తారు."

"ఏం ప్రయోగం?" అన్నాను.

"నీకు తెలీదులే మా. మిథైల్ అసిటేట్."

తెలీకేం! చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది.

సైన్సు చదవనివాళ్ళ కోసం చెప్తాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో మిథైల్ అసిటేట్ వేస్తే, అది మెల్లగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లం తయారవుతుంది. వెనిగర్‌లో ఉండే పులుపే అది. పది నిమిషాలకోసారి పిపెట్‌తో రెండు మిల్లీలీటర్లు తీసి ఐసు నీళ్ళలో వదలాలి. ఆ చల్లదనానికి చర్య నెమ్మదిస్తుంది. వెంటనే ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి సోడియం హైడ్రాక్సైడ్ కొంచెం కొంచెంగా వదులుతూ పోతే ఒక చుక్క దగ్గర లేత గులాబీ రంగు వచ్చి నిలుస్తుంది. మనం దిష్టి తీయడానికి పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు కావూ, అలాగే. పులుపు పెరిగేకొద్దీ బ్యూరెట్ రీడింగూ పెరుగుతుంది.

ఈ రీడింగులు గంటలో అయిపోతాయి. కానీ చర్య దాదాపు పూర్తయ్యాక ఎంత వస్తుందో కూడా చూడాలి. దాన్నే ఇన్ఫినిటీ రీడింగ్ అంటారు. ఫ్లాస్కుకు బిరడా పెట్టి మర్నాటిదాకా ఆగాల్సిందే. మిగతా రీడింగులన్నీ అందులోంచి తీసేసి లెక్క కట్టాలి కాబట్టి అదొక్కటి తప్పితే అన్నీ తప్పినట్టే.

ఇరవై రెండేళ్ళ కిందట నేనూ ఆ ఫ్లాస్కుకు బిరడా పెట్టి ఇంటికొచ్చాను. మర్నాడు పెళ్ళిచూపులు. పిల్లోడు ఎవరో కాదు, రెండు వీధుల అవతలుండేవాడే, రోజూ చూసే ముఖమే. "ఒక్క రోజు ఆపు నాయనా" అంటే, మంచిరోజు మంచిరోజే అన్నాడు. ఆ రాత్రి గ్రాఫ్ పేపర్ మీద ముందు స్కేలు పెట్టి గీత గీశాను. ఆ గీతకు సరిపోయేట్టు ఇన్ఫినిటీ రీడింగ్ 20.4 అని రాసేశాను. ఎంత ముచ్చటగా ఉందో నా గీత!

సోమవారం రికార్డు ఇస్తే మేడమ్ ఒక్క మాట అనలేదు. బీరువా పక్కన నా పేరు చీటీతో ఉన్న ఫ్లాస్కు చూపించి, "బ్యూరెట్ కడుక్కునిరా" అంది. చేశాను. 21.3.

"మీది కాణిపాకం కదమ్మా?" అంది.

అంతే. మా ఊరి సంగతి మీకు వేరే చెప్పాలా? అప్పు ఎగ్గొట్టినవాడు కూడా, కోనేట్లో మునిగి వరసిద్ధుడి ముందు ప్రమాణం చెయ్యమంటే మెట్లు దిగకముందే ఒప్పేసుకుంటాడు. అలాంటి ఊరి పిల్లని నేను. తల ఎత్తలేకపోయాను. మేడమ్ మార్కులు కొయ్యలేదు. "వచ్చింది రాయి. రావాల్సింది రాయొద్దు" అని మాత్రం అంది.

ఆ సంబంధమే కుదిరింది. ఎమ్మెస్సీకి తిరుపతి పోవాలన్న కోరిక అక్కడే ఆగింది. బాధ లేదంటే అబద్ధం. ఈ ఊళ్ళో ఉండి అబద్ధం ఆడలేను.

ఇదంతా ఆ రాత్రి ఫోన్‌లోనే పాపకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు ఎమ్మెస్సీ చెయ్యాలనుకున్నావా మా?" అంది. ఇరవై ఏళ్ళ కూతురికి ఆ మాట ఎన్నడూ చెప్పలేదని అప్పుడే తట్టింది.

"రేపు రావద్దు. రీడింగ్ తీసుకునే రా" అన్నాను.

అన్నానే గానీ, పొద్దున ముప్పై మందికి వంట. మా అత్తకు మోకాళ్ళ నొప్పి. "ఉభయం రోజు ఆడపిల్ల ఇంట్లో లేకపోతే ఎట్లా? ఏం చదువులో!" అని మధ్యాహ్నం దాకా అంటూనే ఉంది. కొబ్బరి కోరుతూ నేనూ రెండుసార్లు అనుకున్నాను, రమ్మని ఉంటే పోయేదే అని.

చీకటి పడ్డాక వచ్చింది. బ్యాగు దించకుండానే నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టింది.

"గీత సరిగా రాలేదు మా. చివరి రెండు చుక్కలు పైకి పోయినాయి. ఐసు అయిపోయింది, టైట్రేషన్ చేసేలోపే పులుపు ఇంకా పెరిగుంటుంది. అదే రాసిచ్చినా."

కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశాను. ఇన్ఫినిటీ రీడింగ్ 21.1. గీతకు దూరంగా రెండు చుక్కలు.

బయట మేళం వినబడుతోంది. ఊరేగింపు వచ్చే వేళయింది. "ముందు పిల్లకి అన్నం పెట్టు, పొద్దుననగా తిన్నదో ఏమో" అని కేకేసింది అత్త. పాపకు తీసిపెట్టిన ఉండ్రాళ్ళు గట్టిపడి ఉన్నాయి. అలాగే తినేసింది.