అర్ధవీడు దారిలో

కంభం నుంచి అర్ధవీడుకు సాగే దారి పొడవునా నల్లమల కొండలు కనబడుతూనే ఉంటాయి. మేము వెళ్ళింది వేసవిలో. కంభం చెరువుకు నీరందించే జంపలేరులో ఇసుక తప్ప మరేమీ లేదు.

‘వీడు’ అంటే పాత తెలుగులో పట్టణం. పొరుగున ఉన్న పెద్దారవీడు పేరులోనూ ఉన్నది ఆ మాటే. పేరుకు పట్టణమైనా, చూపుకు ఇది ఒక పెద్ద పల్లె. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు దీనికి మండల కేంద్రమనే హోదా దక్కింది. అంతకు ముందు ఏ పనికైనా తాలూకా కచేరీయే దిక్కు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదులుకున్న తరువాత కంభం కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలుకు మారింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా అందులో చేరింది. ఊరు కదలలేదు, కచేరీ మాత్రం కదులుతూ వచ్చింది. కర్నూలుకు నల్లమలను దాటి వెళ్ళాలి, ఒంగోలు నూరు కిలోమీటర్లకు పైమాటే. అర్జీ పట్టుకుని నడిచిన రైతుకు ఈ మార్పుల వల్ల ఒరిగిందేమిటో మాకు అర్థం కాలేదు.

ఈ మండలంలోనే కాకర్ల ఉంది. వాగ్గేయకారుడు త్యాగరాజు ఇంటిపేరు ఈ ఊరిదేనని ప్రసిద్ధి. నేడు ఆ పేరు వినబడేది వెలిగొండ ప్రాజెక్టు వల్ల. కాకర్ల, గొట్టిపడియ, సుంకేసుల వద్ద కొండల నడుమ ఖాళీలను ఆనకట్టలతో మూసి నల్లమల సాగర్‌ను తలపెట్టారు. శ్రీశైలం జలాశయపు నీరు నల్లమల కడుపులో తొలిచిన రెండు సొరంగాల గుండా, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడికి చేరాలి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు అందించాలన్నది సంకల్పం. 1996లో శంకుస్థాపన జరిగింది. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోయిన పల్లెలు ఎంతగా ఎదురుచూశాయో చెప్పనలవి కాదు.

అయితే కొండల నడుమ జలాశయం కట్టాలంటే అక్కడి పల్లెలు లేచిపోవాలి. దారి పక్కన వేపచెట్టు కింద గొర్రెలు కాస్తున్న ఒక వృద్ధుడు మాతో మాట కలిపాడు.

“నీళ్ళు రావాలనే మేమూ కోరుకున్నాం సాయిబూ. మునిగే దాంట్లో మా ఊరూ ఉందని తరువాత తెలిసింది.”

“పరిహారం ఇస్తారు కదా, పెద్దాయనా?” అన్నాము.

“ఇంటికి ఇస్తారు, పొలానికి ఇస్తారు. ఈ జీవాలు మేసే కొండకు ఎవరిస్తారు? అది నా పేరు మీద లేదుగా!”

మా వద్ద జవాబు లేదు. గొర్రెలు కాయని ప్రవక్త లేడని పిల్లలకు ఏటా బోధించే మేము, ఒక కాపరి లెక్కను అంతవరకు వినలేదు.

జుహర్ వేళ అయింది. వుజూకు నీరు అడిగాము. ఆయన తన సీసాలో ఉన్నదంతా మా చేతుల్లో పోయబోయాడు. సగం చాలునన్నాము. మిగిలింది మూత బిగించి సంచిలో పెట్టుకుని, మంద వెంట కొండవైపు నడిచాడు.