ఉరుకుడుకూ పారిపోవుడుకూ నడుమ

ఉర్దూలో పరుగుకు రెండు మాటలున్నాయి. దౌడ్‌నా అంటే పరుగెత్తడం. భాగ్‌నా అంటే పారిపోవడం. ఈ తేడా పుస్తకాల ఉర్దూలో ఉంది. మా ఇండ్లల్లో మాట్లాడే దక్కనీలో లేదు. బస్సు కోసం ఉరికినా భాగ్‌నాయే, కుక్క వెంటపడితే ఉరికినా భాగ్‌నాయే. మా తెలంగాణ తెలుగూ అంతే. 'పిల్లగాడు ఉరికిండు' అంటే పందెంలో ఉరికాడో ఇంట్లోంచి పారిపోయాడో వెనకాముందు మాటలు వింటేనే తెలుస్తుంది. రెండు భాషల్లో బతికే మాకు ఈ ఒక్క విషయంలో రెండు భాషలూ ఒకే తీరు. మాట ఒక్కటే. దాని అర్థం మాత్రం చూసేవాడి చేతిలో ఉంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా ఇంట్లో ఒకడు ఉరుకుతున్నాడు. మా అక్క కొడుకు. మాది సుల్తానాబాద్. రాజీవ్ రహదారి పక్కన రైస్ మిల్లుల ఊరు. మొన్నటిదాకా కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబర్ 11 నుంచి పెద్దపల్లి జిల్లా. మా బావ మిల్లులకు వచ్చే లారీలను బాగుచేసే మిస్త్రీ. ఆయన చేతుల ఆయిల్ మరక ఈద్ నాడు కూడా పూర్తిగా పోయేది కాదు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్‌తో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఆయన కొడుకు ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంపాదించాడు. రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చుని కోడు రాస్తాడు. నడుము పట్టేసింది. డాక్టరు నడవమన్నాడు. వీడు ఉరకడం మొదలుపెట్టాడు.

అసలు మొదలైంది మేడ మీద. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాడు. మా అక్క వాళ్ల మేడ నలభై అడుగులు. కిలోమీటరు కావాలంటే ఎనభైసార్లకు పైగా ఆ గోడ నుంచి ఈ గోడకు ఉరకాలి. ఉరికాడు. ఆ పొద్దు రోజులు ఎట్లాంటివో మా జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. ఇండోనేషియా నుంచి వచ్చిన ధర్మప్రచారకులు రామగుండంలో రైలు దిగి కరీంనగర్ పోయారు. వాళ్లకు కరోనా ఉన్నట్టు తేలింది. రామగుండం నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. ఆ తర్వాత కొన్ని నెలలు మా పండ్ల బండ్ల దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. రోగానికి గడ్డం మొలిచింది, టోపీ పెట్టుకుంది.

లాక్‌డౌన్ సడలించాక వాడు కాలువ కట్ట మీదికి మారాడు. ఒకనాడు చీకటితోనే ఉరుకుతుంటే బండి మీద వచ్చినవాళ్లు ఇద్దరు ఆపారు.

"ఎవలు నువ్వు? ఎందుకురుకుతున్నవ్?"

"ఊకెనే అన్నా."

"ఊకెనే ఎవడన్న ఉరుకుతడా? పేరేంది?"

చెప్పాడు. ఇద్దరూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు. పొలానికి నీళ్లు పెట్టడానికి వచ్చిన ఒక ముసలాయన గట్టు మీంచి కేకేశాడు. "మిస్త్రీ సాబు కొడుకురా వాడు, పోనియ్యుండ్రి." పోనిచ్చారు. అంతే జరిగింది. దెబ్బ లేదు, తిట్టు లేదు. కాని ఆ రోజు వాడు పేరుతో గట్టెక్కలేదు, తండ్రి పానాతో గట్టెక్కాడు.

ఇంటికొచ్చి చెబితే మా అక్క ఒకటే మాట అంది. "కోయీ రుకో బోలేతో రుక్ జా బేటా. భాగ్ నక్కో." ఎవరు ఆగమన్నా ఆగు కొడుకా, ఉరకకు. మా అక్కకు మారథాన్లు తెలియవు. తెలిసింది ఇదొక్కటే. ఈ భయం ఒకనాడు పుట్టింది కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు మేము పత్రికలో కొత్తగా చేరినోళ్లం. ఆ తర్వాత ఎందరో పిల్లలను పట్టుకపోయారు. కోర్టులు నిర్దోషులన్నాయి. కొందరికి ప్రభుత్వమే నష్టపరిహారం చెక్కులిచ్చింది. పోయిన ఏండ్లు చెక్కులో రావు. హైదరాబాద్ పాతబస్తీలో జరిగింది సుల్తానాబాద్ మిస్త్రీ ఇంట్లో తల్లికి ఎట్లా తెలుస్తుందని అడగొద్దు. తల్లులకు తెలుస్తుంది.

ఇది మా ఒక్కరి కథే కూడా కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 2020 ఫిబ్రవరి 23న ఆహ్మడ్ ఆర్బెరీ అనే 25 ఏండ్ల యువకుడు పగటిపూట రోడ్డు మీద ఉరుకుతున్నాడు. ముగ్గురు తెల్లవాళ్లు దొంగ అనుకున్నామంటూ ట్రక్కులతో వెంటపడ్డారు. అందులో ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. 2021 నవంబర్‌లో జ్యూరీ ముగ్గురినీ దోషులంది. ఆర్బెరీ ముస్లిం కాదు, నల్లవాడు. అక్కడ వెంటపడడానికి చర్మం చాలింది. ఇక్కడ ఆపడానికి పేరు కావాలి. అందుకే ముందు పేరు అడుగుతారు.

ఇప్పుడు పేరు గురించి ఇంకో మాట. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. ఈమధ్య ఏండ్లల్లో హుస్సేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. 42.195 కిలోమీటర్లు. నడుమ ఎక్కుడు దిగుడు ఫ్లైఓవర్లు. వాడు మొదటి ఏడు పది కిలోమీటర్లు, తర్వాత సగం మారథాన్, ఆ తర్వాత పూర్తిది ఉరికాడు. ఉరికేవాళ్లకు ఛాతీ మీద పిన్నీసులతో పెట్టుకునే ఒక కాగితం ఇస్తారు, బిబ్ అంటారు. నంబరుతోపాటు పేరు కూడా ఉంటుంది. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచిపెట్టుకున్న శక్తి అయిపోతుందట. కాళ్లు రాళ్లవుతాయి. రన్నర్లు దాన్ని గోడ అంటారు. అప్పుడు రోడ్డు పక్కన నీళ్లిచ్చేవాళ్లు, ముక్కూమొకం తెలియనివాళ్లు, బిబ్ మీద పేరు చదివి గట్టిగా పిలుస్తారు. ఇంకొంచెమే ఉంది, పో పో అంటారు.

"మామూ, నా పేరు అంత గట్టిగా రోడ్డు మీద పిలిస్తే ముందు భయమైంది. తర్వాత ఏడుపొచ్చింది" అన్నాడు. ఆపే పేరే ఉరికించింది.

మాకు మో ఫరా గుర్తొచ్చాడు. 2012 లండన్, 2016 రియో ఒలింపిక్స్ రెండింటిలోనూ 5,000, 10,000 మీటర్ల పందేలు గెలిచినవాడు. ప్రపంచం ఆ పేరే కేకలేసింది. 2022 జూలైలో ఆయన అసలు సంగతి చెప్పాడు. తన అసలు పేరు హుస్సేన్ అబ్దీ కాహిన్. చిన్నప్పుడు ఎవరో ఇంకో పిల్లవాడి పేరు తగిలించి బ్రిటన్‌కు అక్రమంగా తీసుకొచ్చి ఇంటిచాకిరీ చేయించారు. గెలిచినవాడు తన పేరు చెప్పుకోవడానికి అన్నేండ్లు పట్టింది.

బిబ్ విప్పిన తర్వాత ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆ నెలలోనే వాడు ఇల్లు మారదామని వెతికాడు. ఫోన్లో అన్నీ కుదిరాయి. అడ్వాన్సు ఎంతో కూడా అయింది. పేరు చెప్పగానే ఆ ఇంటాయనకు ఊర్నుంచి చుట్టాలొస్తున్నారు. పొద్దున ఒకరి నోట పరుగు పెట్టించిన పేరు, సాయంత్రం ఇంకొకరి గడప ముందు ఆగిపోయింది. రెండూ ఒకే నగరం.

ఇప్పుడు వాడికి రోడ్డు కన్నా గుట్టలు ఇష్టం. చిక్కమగళూరు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రాలో 50 కిలోమీటర్లు ఉరికొచ్చాడు. ఇంటికొస్తే ఆదివారాలు రామగిరి ఖిల్లా ఎక్కుతాడు. శ్రావణంలో జనం ఎక్కే గుట్ట, పాత కోట, వనమూలికలకు పేరున్న చోటు. గుట్ట పేరు రామగిరి, దాని కింది ఊరు పేరు బేగంపేట. పేర్లు మార్చాలని తిరిగేవాళ్లు ఒకసారి ఈ గుట్ట ఎక్కిరావాలె. గుట్ట మీద ఉరుకుడు వేరట. అడుగు చిన్నగా వేయాలి. చూపు నాలుగడుగుల ముందు నేల మీదే ఉండాలి. ఎక్కేటప్పుడు నడిస్తే నామోషీ లేదు. దిగేటప్పుడే తొడలు పట్టేస్తాయి. వానకు తడిసిన రాయి ఎవరినైనా పడేస్తుంది. రాయి పేరడగదు.

ఎక్కేది వాడొక్కడే కాదు. ఊళ్లో గ్రౌండ్‌లో పొద్దున్నే ఉరికే పిల్లలు వెంట వస్తారు. వాళ్లది సరదా పరుగు కాదు. 2022 నోటిఫికేషన్లో పోలీసు ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లలో ఉరకాలని పెట్టారు. అప్పటినుంచీ ఆ లెక్కే వాళ్ల నోట్లో ఉంటుంది. కూలోళ్ల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, మా పిల్లలు. చినిగిన బూట్లు. వీడి కాళ్లకు వేల రూపాయల బూట్లు, చేతికి దూరం కొలిచే గడియారం. జీతం ఉన్నవాడికి పరుగు ఆట, లేనివాడికి అదే పరీక్ష. ఈ తేడా మతంలోంచి రాలేదు, ఇది కడుపులోంచి వచ్చింది. వీడు అదే గడియారంతో వాళ్లకు టైము చూస్తాడు. రోజా ఉన్న రోజుల్లో ఇఫ్తార్‌కు గంట ముందు వీడు మెల్లగా ఉరికితే వాళ్లూ మెల్లగా ఉరుకుతారు. ఆ గ్రౌండ్‌లో ఎవరూ పేరేందని అడగరు. టైమెంతని అడుగుతారు.

కాని ఆ గ్రౌండ్‌లో వాడి చెల్లె లేదు. ఇది బయటివాళ్లతో కాదు, మా వాళ్లతో మాట్లాడాల్సిన మాట. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ముందు పరుగు పందేల పిల్ల, ఆ తర్వాతే బాక్సింగ్‌లోకి పోయింది. నిక్కరేమిటని చుట్టాలు గుణిగినా తండ్రి జమీల్ అహ్మద్ వెంట నిలబడ్డాడు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆ పిల్ల ప్రపంచ చాంపియన్ అయింది. ఇప్పుడు మా ఇండ్లల్లో గుణిగినవాళ్లే ఫోటో చూపిస్తున్నారు. హజ్‌కు పోయిన ప్రతి ఒక్కరూ సఫా మర్వాల నడుమ ఏడుసార్లు తిరుగుతారు. బిడ్డకు నీళ్ల కోసం ఎడారిలో ఉరికిన హాజిరా బీబీ గుర్తుగా. ఒక ఆడమనిషి పరుగును అంత ఇబాదత్‌గా పెట్టుకున్న మేము, మా ఇంటి ఆడపిల్ల కాలువ కట్ట మీద ఉరుకుతానంటే లోగ్ క్యా కహేంగే అంటున్నాము.

మొన్న వాడు చెల్లెకు బూట్లు తెచ్చాడు. బుర్ఖా కిందే వేసుకుని అన్నతో నడుస్తోంది. ఇంకా ఉరకడం లేదు. మా అక్క గేటు దాకా వచ్చి చూస్తోంది. భాగ్ నక్కో అనడం మాత్రం మానలేదు.

ఆ మాటను మానిపించాల్సింది మా అక్క కాదు. తెల్లారక ముందు రోడ్డు మీద ఒక పిల్లగాడు ఉరుకుతుంటే, వెనక ఎవరున్నారని వెతకకుండా, ఎంత దూరం పోతావని అడిగే ఊరు కావాలి మాకు. సుల్తానాబాద్‌లో ఒక గ్రౌండ్ అట్లా ఉంది. అది ఊరంత కావాలి.