మన పేరు తప్పు రాసుకుంటే నష్టం వాళ్లది



సెప్టెంబర్‌లో మేము నలుగురం హాస్టల్ కుర్రాళ్లం ఆల్ ఏషియన్ డీఎక్స్ కాంటెస్ట్ అనే రేడియో పోటీలో పాల్గొన్నాం. స్టేటస్‌లో ఫోటోలు చూసి చాలామంది "ఏం రేడియోరా, ఆకాశవాణిలో పాటలు పాడారా?" అని అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఇది పాటల రేడియో కాదు. హామ్ రేడియో అంటారు, పుస్తకాల్లో అమెచ్యూర్ రేడియో అని ఉంటుంది. వినడమే కాదు, మనమే మాట్లాడొచ్చు. టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, కొన్ని మీటర్ల రాగి తీగ ఉంటే చాలు. మన మాట పైకెళ్లి అయనోస్ఫియర్‌కి తగిలి వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. లైసెన్సు మాత్రం తప్పనిసరి. కేంద్ర టెలికాం శాఖలో డబ్ల్యూపీసీ అనే విభాగం పరీక్ష పెట్టి ఇస్తుంది. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. రిస్ట్రిక్టెడ్‌కి మోర్స్ కోడ్ రాకపోయినా పర్లేదు. పవర్ 50 వాట్లు దాటకూడదు. మా నలుగురిలో ఇద్దరికి ఈ లైసెన్సే ఉంది. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్లు. మిగతా ఇద్దరికి లేదు కాబట్టి వాళ్లు మైకు ముట్టుకోలేదు. తీగలు కట్టడం, లాగ్ రాయడం వాళ్ల పని. ఆ పనే ఎక్కువ, చూస్తారుగా.

దీని సంగతి మాకు చెప్పింది వైజాగ్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు. మా కాలేజీకి వచ్చి హుద్‌హుద్ గురించి మాట్లాడారు. 2014 అక్టోబర్ 12. అప్పటికి మాకు తొమ్మిదేళ్లు. మాకు గుర్తున్న హుద్‌హుద్ అంటే సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ మొక్కల మీద పడిపోయి తోటలు తోటలే పోవడం. సిటీలో వాళ్లకి గుర్తున్నది కరెంటు పోవడం, ఫోన్లు మూగబోవడం. అప్పుడు హామ్‌లు సెట్లు పెట్టి కబుర్లు అందించారట. పదేళ్ల ముందు ఇంకా పెద్దది జరిగింది. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అండమాన్ వెళ్లింది. భారతీ ప్రసాద్ గారు పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతున్నారు. 26వ తేదీన సునామీ వచ్చింది. అదే సెట్టుతో, అదే తీగతో ఆట ఆపి ప్రాణాల కబుర్లు పంపడం మొదలుపెట్టారు.

ఫోన్ మాట్లాడాలంటే కొండెక్కాల్సిన ఊళ్ల నుంచి వచ్చాం మేము. డోలీ మోసేవాళ్లు బయల్దేరాక కూడా 108కి కబురందని సందర్భాలు ఈ గ్రూపులో ఎవరికీ కొత్త కాదు. అందుకే మాస్టారు మాటలు మా చెవిన పడ్డాయి.

ఇంట్లో చెబితే మాత్రం భయపడ్డారు. "వైర్‌లెస్ సెట్టా? ఎవరికిరా కబుర్లు?" అని మాలో ఒకడి నాన్న అడిగాడు. ఆయన తప్పేం లేదు. ఏజెన్సీలో ఆయన చూసిన సెట్లు రెండు రకాలవాళ్ల చేతుల్లోనే. ఆ రెండు రకాలూ ఊళ్లోకి వస్తే ఇంట్లో దీపం ఆర్పేసేవాళ్లు. లైసెన్సు దరఖాస్తు తర్వాత విచారణకి వచ్చినాయన కూడా "మీ ఊళ్లోనా? మీకెందుకయ్యా ఇవన్నీ?" అన్నాడు. సిటీ కుర్రాడిని అలా అడిగేవాడా అని మా అనుమానం. ఇప్పటికీ సెట్టు ఊళ్లో పెట్టలేదు. పోటీ కూడా మాస్టారి మేడ మీద నుంచే చేశాం, ఆయన సెట్టుతోనే.

ఇప్పుడు పోటీ గురించి. దీన్ని నడిపేది జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్. మాటల విభాగం సెప్టెంబర్‌లో శని, ఆదివారాలు. మన టైములో శనివారం ఉదయం 5:30 నుంచి సోమవారం ఉదయం 5:30 దాకా, మొత్తం 48 గంటలు. ఆ టైములో ఎంతమందితో, ఎన్ని దేశాలతో కాంటాక్ట్ చేశామన్నది లెక్క. ఆసియా బయటి స్టేషన్ దొరికితే పాయింట్లు ఎక్కువ. ఇక్కడొక తమాషా ఉంది. హామ్‌ల లెక్కలో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఆసియా కావు, ఓషియానియా. మ్యాప్‌లో గీత ఎవడు గీశాడో! మన నాన్ షెడ్యూల్డ్ ఊళ్లు గుర్తొచ్చాయి మాకు. గీతకి ఇటువైపు ఉన్న తమ్ముడు షెడ్యూల్డ్ ఏరియా, అటువైపు ఉన్న అన్న కాదు. తేడా ఏంటంటే ఇండోనేషియా వాళ్లకి బయట ఉండటం వల్ల గిరాకీ పెరుగుతుంది, మన ఊళ్లకి పోడు పట్టా కష్టమవుతుంది.

శుక్రవారం అంతా యాంటెన్నాతోనే సరిపోయింది. 7 మెగాహెర్ట్జ్‌కి తీగ మొత్తం 20 మీటర్లు కావాలి. మధ్యలో కోసి, అటు పది ఇటు పది. అదే తీగ 21 మెగాహెర్ట్జ్‌కి కూడా పనికొస్తుంది, ఎందుకంటే ఏడు మూళ్లు ఇరవై ఒకటి. దీనికి మధ్యలో ఎత్తు కావాలి, రెండు చివర్లూ కిందికి వాలినా ఫర్వాలేదు. మాస్టారు ఇనప పైపు కొందామన్నారు. మావాడొకడు వద్దని, వెదురు తెస్తానని వెళ్లాడు. లేత వెదురు వంగిపోతుంది, ముదిరింది చీలిపోతుంది, గణుపులు దగ్గర దగ్గరగా ఉన్నదే గాలికి నిలుస్తుంది. ఇవి ఇంజనీరింగ్ పుస్తకంలో ఉండవు, వాడి తాత దగ్గర నేర్చుకున్నవి. తర్వాత రెండో తీగ, 14 మెగాహెర్ట్జ్‌ది, పది మీటర్లు. దాని ఒక చివర పక్కింటి వేపచెట్టు పైకొమ్మకి కట్టాలి. నిచ్చెన అందలేదు. వాడే ఉండేలు తీసి, రాయికి నైలాన్ దారం కట్టి, రెండో దెబ్బకే కొమ్మ దాటించాడు. మాస్టారు నవ్వి, అమెరికాలో కూడా హామ్‌లు ఉండేలుతోనే తీగలు వేస్తారని, అక్కడ దుకాణంలో కొనుక్కుంటారని చెప్పారు. వాడు ఆ రోజంతా కొంచెం ఎత్తుగా నడిచాడు.

ఇక మాట్లాడటం. కాలేజీలో సెమినార్ ఇవ్వాలంటే మాకు గొంతు పట్టేస్తుంది. మా యాసకి వెనక బెంచీలో నవ్వు వినపడుతుంది, తెలుగు మాట్లాడినా, ఇంగ్లిష్ మాట్లాడినా. రేడియోలో ఆ బాధ తక్కువ. పోటీకి కావాల్సిన ఇంగ్లిష్ ముక్కలు నలభై ఉంటాయేమో. అక్షరాలు ఒక్కొక్కటిగా మాటల్లో చెప్పాలి, వి అంటే విక్టర్, యు అంటే యూనిఫాం. అవతల ఉన్నది జపాన్ ఆయన, కజకిస్థాన్ ఆయన, థాయ్‌లాండ్ ఆయన. ఎవరి యాస వాళ్లది. అక్కడ ఇంగ్లిష్ ఎవడి అమ్మ భాషా కాదు.

ప్రతి ఒక్కరూ రెండు సంగతులు చెప్పుకోవాలి. ఒకటి సిగ్నల్ రిపోర్టు. అది అందరూ 59 అనే చెబుతారు, అంటే బ్రహ్మాండంగా వినబడుతోందని. అలా చెప్పి వెంటనే "మళ్లీ చెప్పండి, అందలేదు" అంటారు! రెండోది వయసు. అవును, ఈ పోటీలో పాయింట్ల కోసం చెప్పుకోవాల్సింది వయసు. ఆడవాళ్లు ఇష్టం లేకపోతే సున్నా సున్నా అనొచ్చు. మైకు దగ్గర ఉన్న మా ఇద్దరికీ 20. "ఫైవ్ నైన్, టూ జీరో."

నిజానికి ఆ 20 కూడా బడిలో చేర్చుకున్న పంతులు రాసిందే. మా నలుగురిలో ముగ్గురి పుట్టినరోజు జూన్‌లోనే ఉంది, ఇద్దరిది ఒకే తేదీ. ఇంట్లో అడిగితే ఒకమ్మ మామిడి కొత్త వెళ్లాక అంటుంది, ఇంకో అమ్మ ఆ ఏడు సామలు పండలేదు అంటుంది. సరే, పంతులు రాసిన వయసునే ఆసియా అంతా రాసుకుంది. అవతల నుంచి ఎక్కువగా 68, 73, 77 వినబడ్డాయి. జపాన్ తాతలు. ఒక ఆయన 84 అన్నాడు, మేము తప్పు విన్నామేమో అని మళ్లీ అడిగితే ఓపిగ్గా "ఎయిట్ ఫోర్, ఎయిట్ ఫోర్" అన్నాడు. ఆయన గొంతు అలల్లా వచ్చి పోతోంది. మన ఊళ్లో ఆ వయసు తాతలు చుట్ట కాల్చుకుంటూ అరుగు మీద ఉంటారు. ఈయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని వైజాగ్ మేడ మీద కుర్రాళ్ల వయసు రాసుకుంటున్నాడు.

ఇప్పుడు ఈ పోస్టు రాయడానికి అసలు కారణం.

మాలో ఒకడి ఇంటిపేరు కిల్లో. పులి గోత్రం. వాడి కుల సర్టిఫికెట్ మీద ఇంగ్లిష్‌లో ఒక ఎల్ ఎగిరిపోయి "కిలో" అని పడింది. టెన్త్ మెమోలో ఒకలా, సర్టిఫికెట్‌లో ఒకలా ఉందని స్కాలర్‌షిప్ ఆగిపోయింది. రాసింది ఆఫీసులో కూర్చున్నాయన. తిరిగింది మావాడు. బస్సు ఛార్జీలు పెట్టుకుని నాలుగుసార్లు కొండెక్కి దిగాడు. వెళ్లిన ప్రతిసారీ "నువ్వు ముందే చూసుకోవాలి కదా" అన్నారు. క్లాసులో అయితే "ఎన్ని కిలోలురా నువ్వు" అని ఏడాదంతా అదే పాట. ఇలాంటి కథ లేని ఇల్లు మనలో ఉందా?

వాడికి వచ్చిన కాల్‌సైన్ చివరి మూడక్షరాల్లో ఒకటి కె. రేడియో అక్షరమాలలో కె అంటే ఏంటో తెలుసా? కిలో. చార్టు చూసిన రోజు వాడు మొహం మాడ్చుకున్నాడు, మేము పడీ పడీ నవ్వాం. పోటీలో మేము వాడిన కాల్‌సైన్ అదే.

శనివారం సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. తీగ విప్పి బయట పడేసి నాలుగు గంటలు ఊరికే కూర్చున్నాం. వర్షం తగ్గాక 7 మెగాహెర్ట్జ్ మీద కూర్చుంటే గరగర తప్ప ఏం లేదు. పిలిచి పిలిచి గొంతు పోయింది. రాత్రి ఒంటిగంట దాటాక ఒక జపాన్ స్టేషన్‌కి మా పిలుపు సగం అందింది. "విక్టర్ యూనిఫాం త్రీ, మళ్లీ?" అన్నాడు. మావాడు చెప్పాడు. అతనికి మధ్య అక్షరం అందలేదు. మళ్లీ. "కిలో" అన్నాడు మావాడు. అతను వేరే అక్షరం అనుకున్నాడు. "నో నో, కిలో, కిలో, కిలో." వెనక అతన్ని పిలుస్తున్న స్టేషన్లు బోలెడు, మాకంటే గట్టి సిగ్నళ్లు. వాళ్లందర్నీ ఆగమని, మావాడి కోసం అయిదారుసార్లు అడిగి, అక్షరం అక్షరం తిరిగి చెప్పి, సరిగ్గా ఉందని మావాడు అన్నాకే రాసుకుని వదిలాడు.

అతను మంచివాడే అయ్యుండొచ్చు. కానీ రూల్ కూడా అలాగే ఉంది. పోటీ అయ్యాక అందరూ తమ లాగ్ పంపాలి. రెండువైపుల లాగులూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. మన కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం అతను తప్పు రాసుకున్నా ఆ పాయింట్లు పోయేది అతనికే. తప్పు రాసినవాడిదే నష్టం. మాస్టారు ఇది మామూలుగా చెప్పుకుంటూ పోయారు, ఆయనకిది వింతేం కాదు. కిల్లోగాడు మాత్రం "ఇంకోసారి చెప్పండి సార్" అని రెండుసార్లు అడిగాడు.

ఆఫీసుల్లో ఈ రూలు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పడుకున్నాం ఆ రాత్రి. పేరు తప్పు కొట్టిన ప్రతిసారీ వాళ్ల జీతంలో ఒక బస్సు టికెట్టు కోత. మేము లెక్కేస్తే మా హాస్టల్‌కి రావాల్సిన బాకీయే వేలల్లో తేలింది.

మొత్తం 163 కాంటాక్టులు చేశాం. పెద్ద స్టేషన్లవాళ్లు వేలల్లో చేస్తారు, మాదెక్కడో అట్టడుగున ఉంటుంది. లాగ్ పంపేశాం, ఫలితాలు రావడానికి నెలలు పడుతుంది. మేమూ విన్నవి సరిగ్గా రాశామో లేదో అప్పుడే తేలుతుంది, రూలు మాకూ అదే మరి.

లైసెన్సు లేని మా ఇద్దరూ ఇప్పుడు పరీక్షకి చదువుతున్నారు. జూనియర్లు ముగ్గురు వస్తామన్నారు. అమ్మాయిల హాస్టల్ నుంచి కూడా ఒక చెల్లెలు అడిగింది, తనకి ఫిజిక్స్ మాకంటే బాగా వచ్చు. పరీక్షలో రెండు భాగాలు, ఒకటి రేడియో సిద్ధాంతం, ఒకటి రూల్స్. ఇంటర్ ఫిజిక్స్ కాస్త గుర్తుంటే కష్టం కాదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కానీ పెట్టే ముందు ఆధార్‌లో, మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి, ఇక్కడ ఆ జపాన్ రూలు లేదు. మేము ఆదివారాలు హాస్టల్లోనే ఉంటాం. పుస్తకం ఒక్కటే ఉంది, వచ్చేవాళ్లు జిరాక్స్‌కి డబ్బులు తెచ్చుకోండి.